అంకె కలిసినా శ్రుతి కలవదెందుకు?

డీజే కలపబోయే రెండు పాటలకూ సాఫ్ట్‌వేర్ తెర మీద 8ఏ అనే పడింది. పాట ఏ కీలో, అంటే ఏ శ్రుతిలో ఉందో చెప్పే అంకె అది. ఒకటి 124 బీపీఎం (నిమిషానికి పడే బీట్లు), రెండోది 128. రెండోదాన్ని 124కి దించితే కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) మీద కిక్ పడుతోంది, బీట్లను చూపే బీట్‌గ్రిడ్ గీతలు గీసినట్టు సరిపోయాయి. అయినా రెండో పాట బేస్ లేవగానే పళ్లు జివ్వుమంటాయి. సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పలేదు, బీటూ తప్పలేదు. వేగం మారినా శ్రుతిని పట్టి ఉంచే కీ లాక్ ఆపి ఉంది, అంతే. 128 నుంచి 124కి దిగడమంటే వేగాన్ని 3.1 శాతం తగ్గించడం. వేగంతో పాటు శ్రుతి కూడా 55 సెంట్లు, అంటే అర మెట్టు కంటే కాస్త ఎక్కువే, కిందికి జారింది. ఇప్పుడా పాట 8ఏ కాదు. దాని కింది మెట్టయిన 1ఏ కూడా కాదు. రెంటికీ మధ్య, హార్మోనియంలో మెట్టే లేని చోట ఉంది.

ఈ అంకెలను గడియారంలా పేర్చిన చక్రం బొమ్మ చూపించి పక్క అంకెకి వెళ్లమని చెప్పే పాఠాలు ఈ సంగతిని దాటేస్తాయి. కీ లాక్ లేనప్పుడు, పాట అసలు వేగంలో నడుస్తున్నంతసేపే ఆ అంకె నిజం. అదీ రెండు పాటల స్వరాలు ఒకదాని మీద ఒకటి పడే కొద్ది సెకన్లకే దానితో పని. ఈ రెండు మాటలు మనసులో పెట్టుకుంటే మిగతాదంతా లెక్కే.

చక్రంలో ఉన్నదేమిటి

కీ అంటే ఒక శ్రుతి, దాని మీద నిలబడ్డ స్వరాల వరస. సంగీతం నేర్చుకున్నవాళ్లు "ఒకటిన్నర శ్రుతిలో శంకరాభరణం" అంటే పాశ్చాత్య లెక్కలో అది సి షార్ప్ మేజర్. ఒకటో శ్రుతి సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, అయిదు జి, ఆరు ఏ, ఏడు బి. మేజర్ స్కేలు స్వరాలు 29వ మేళమైన ధీరశంకరాభరణానివి. మైనర్ స్కేలు, దాని మామూలు రూపంలో, 20వ మేళం నటభైరవి.

డీజేలందరి నోటా ఉన్న కామెలాట్ చక్రం ఈ 24 కీలను గడియారంలా పేర్చింది. దాన్ని రూపొందించినది మార్క్ డేవిస్. 2006లో వచ్చిన మిక్స్‌డ్ ఇన్ కీ సాఫ్ట్‌వేర్‌తో అది ఊరూరా పాకింది. లోపలి వలయం ఏ, అంటే మైనర్ కీలు. బయటి వలయం బీ, మేజర్ కీలు. 8బీ అంటే సి మేజర్. అక్కడి నుంచి ఒక్కో అంకె పెరిగితే ఒక్కో పంచమం పైకి వెళ్లినట్టు: 9 జి, 10 డి, 11 ఏ, 12 ఇ, 1 బి, 2 ఎఫ్ షార్ప్, 3 డి ఫ్లాట్, 4 ఏ ఫ్లాట్, 5 ఇ ఫ్లాట్, 6 బి ఫ్లాట్, 7 ఎఫ్. అదే అంకె ఉన్న మైనర్ కీ కావాలంటే మేజర్ నుంచి మూడు మెట్లు కిందికి దిగాలి. 8ఏ ఏ మైనర్, 9ఏ ఇ మైనర్, 5ఏ సి మైనర్. ట్రాక్టర్ అనే డీజే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఓపెన్ కీ అనే వేరే అంకెలు కనిపిస్తాయి. దానికి 7 కలిపితే కామెలాట్ అంకె వస్తుంది, 12 దాటితే 12 తీసేయాలి.

8ఏ, 8బీ ఎందుకు కలుస్తాయో గ్రహభేదం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జం చేసుకుని పాడితే నటభైరవి వస్తుంది. సి మేజర్, ఏ మైనర్ సరిగ్గా అవే. ఏడు స్వరాలూ ఒకటే, మారేది ఆధార షడ్జం మాత్రమే. 8బీ నుంచి 9బీకి వెళ్తే ఒక్క స్వరం మారుతుంది: శుద్ధ మధ్యమం పోయి ప్రతి మధ్యమం వస్తుంది. సి మీద కల్యాణి పాడినా, జి మీద శంకరాభరణం పాడినా వాడే మెట్లు అవే కదా. అటు 7బీకి వెళ్తే కాకలి నిషాదం పోయి కైశికి వస్తుంది, అంటే సి మీద హరికాంభోజి. పక్క అంకెతో ఏడింట ఆరు స్వరాలు ఉమ్మడి. రెండు అంకెల దూరంలో అయిదు, మూడింట నాలుగు. సరిగ్గా ఎదురుగా ఉన్న అంకెతో రెండే మిగులుతాయి.

ఉమ్మడి స్వరాల సంఖ్యకు ఇంత విలువ ఎందుకంటే, గొడవ పెట్టేది ఒక మెట్టు తేడాతో పక్కపక్కన మోగే స్వరాలు. బేస్‌లో ఒక పాట 55 హెర్ట్జ్ ఏ పట్టుకుని, రెండోది 58.27 హెర్ట్జ్ ఏ షార్ప్ పట్టుకుంటే రెండూ కలిసి సెకనుకు మూడు సార్లకు పైగా ఊగుతాయి. సబ్ వూఫర్ల దగ్గర నిలబడినవాళ్లకు అది గుండెల్లో తెలుస్తుంది. అదే 55 మీద 82.4 హెర్ట్జ్ ఇ పడితే అది స-ప, తంబూరా మోగినట్టు కుదురుగా ఉంటుంది.

ఏ అడుగు ఎంత సురక్షితం

అదే అంకె, అంకె మార్చకుండా ఏ-బీ మార్పు, ఒకటి పెంచడం, ఒకటి తగ్గించడం: ఈ నాలుగూ ఎక్కువసేపు కలిపి నడిపినా తట్టుకుంటాయి. 8ఏ నుంచి 9బీకి వెళ్లే అడ్డదారి కూడా అంతే. 9బీ స్వరాలు 9ఏ స్వరాలే కాబట్టి తేడా ఒక్క స్వరమే. 8ఏ నుంచి 11బీకి, అంటే ఏ మైనర్ నుంచి ఏ మేజర్‌కి పోతే షడ్జం మారదు కానీ మూడు స్వరాలు మారతాయి. పాడుతున్న గొంతుల మీద దీన్ని కలపకూడదు. బ్రేక్ వచ్చి కిందంతా ఖాళీ అయ్యాక దించితే మబ్బు విడినట్టుంటుంది.

రెండంకెలు పెంచడం (ఒక పూర్తి స్వరం పైకి), ఏడంకెలు పెంచడం (ఒక మెట్టు పైకి) ఊపు పెంచే అడుగులుగా పేరు పడ్డాయి. నిజమే, పెంచుతాయి. కానీ అవి కలిపి నడిపే అడుగులు కావు, కోసి అతికే అడుగులు. ఏడంకెల జంటలో ఉమ్మడి స్వరాలు రెండే. 8ఏ మీద 3ఏని పదహారు బార్లు (బార్ అంటే నాలుగు దెబ్బలు) నడిపితే వచ్చేది ఊపు కాదు, తలనొప్పి. పాత పాట ఆఖరి దెబ్బ మీద ఆపి, కొత్త పాట మొదటి దెబ్బ మీద ఎత్తుకోవాలి. సినిమా పాటల్లో ఆఖరి చరణం ఒక మెట్టు పైకి లేచినప్పుడు చేసేది ఇదే. అక్కడ రెండు శ్రుతులు ఒకేసారి మోగవు.

వేగం మారితే శ్రుతి ఎంత మారుతుంది

ఒక మెట్టుకూ దాని పై మెట్టుకూ మధ్య నిష్పత్తి 1.0595. కీ లాక్ లేకుండా పాటను 5.95 శాతం వేగం చేస్తే శ్రుతి సరిగ్గా ఒక మెట్టు పెరుగుతుంది. ఒక మెట్టు తగ్గాలంటే 5.61 శాతం నెమ్మది చేయాలి. మెట్టుకు 100 సెంట్లు. ఒక్క శాతం వేగానికి దాదాపు 17 సెంట్లు అని గుర్తుపెట్టుకుంటే వేగం మార్చే ఫేడర్ మీద చెయ్యి ఉన్నప్పుడు సరిపోతుంది.

చేతి లెక్కగా చెప్పాలంటే, ఒకటిన్నర శాతం (26 సెంట్లు) వరకు అంకె పనిచేస్తుంది. బాగా చెవి ఉన్నవాళ్లకు తెలుస్తుందేమో, డ్యాన్స్ చేస్తున్నవాళ్లకు తెలియదు. రెండున్నర నుంచి మూడున్నర శాతం మధ్యది అన్నిటికన్నా చెడ్డ చోటు, ఏ అంకెకూ చెందని సందు. 6 శాతం దగ్గరికి వచ్చేసరికి పాట మళ్లీ ఒక కీలో కూర్చుంటుంది, కానీ అంకె వేరు. పైకి పోతే ఏడు కలపాలి, కిందికి పోతే ఏడు తీసేయాలి. 8ఏ పాట 6 శాతం వేగం పెరిగితే 3ఏ, 5.6 శాతం తగ్గితే 1ఏ.

వినైల్ రికార్డుల మీద మిక్స్ చేసేవాళ్లు ఈ గుణాన్నే పనికి పెట్టారు. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200ఎంకే2 టర్న్‌టేబుల్ ఫేడర్ అటూ ఇటూ 8 శాతం జరుగుతుంది, అంటే ఒక మెట్టు దాటి ఇంకాస్త. ఒక రికార్డు 122 బీపీఎం, 8ఏ. ఇంకోటి 115 బీపీఎం, 1ఏ. చక్రం మీద చూస్తే ఈ జంట పనికిరాదు. కానీ 115ని 122కి ఎత్తడమంటే 6.1 శాతం పెంచడం, అంటే శ్రుతి 102 సెంట్లు పెరగడం. 1కి 7 కలిపితే 8. రెండూ 8ఏ అయిపోయాయి, మిగిలిన తేడా రెండు సెంట్లు. కీ లాక్ లేని యంత్రం మీద దొరికే ఇలాంటి జంటలను రికార్డు కవర్ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోవడం ఊరికే కాదు. అదే జంటను కీ లాక్ వేసి కలిపితే ఒక మెట్టు తేడాతో కొట్టుకుంటాయి.

కీ లాక్ చేసే పని, చేసే పాడు

కీ లాక్ లేదా మాస్టర్ టెంపో వేగాన్ని మార్చి శ్రుతిని అక్కడే పట్టి ఉంచుతుంది. అందుకోసం ధ్వనిని కొన్ని పదుల మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, నెమ్మది చేయాలంటే కొన్ని ముక్కలను రెండోసారి వాడి, వేగం పెంచాలంటే కొన్నిటిని ఒకదాని మీదికి ఒకటి జరిపి అతుకుతుంది. సాగే స్వరాలకు ఈ అతుకు తెలియదు. దెబ్బలకు తెలుస్తుంది. నెమ్మది చేసినప్పుడు డప్పు దెబ్బ మొన అరిగిపోతుంది, కొన్నిసార్లు రెండు దెబ్బలు చిన్న సందుతో పడ్డట్టు వినిపిస్తుంది. గొంతులో "స", "ష" అక్షరాలు నీళ్లలో మునిగి పలికినట్టవుతాయి. 3, 4 శాతం దాకా మంచి సాఫ్ట్‌వేర్లలో ఎవరూ పట్టుకోరు. 8 శాతం దాటితే, అందులోనూ తక్కువ బిట్‌రేటు ఎంపీ3 అయితే, పెద్ద స్పీకర్ల మీద బండారం బయటపడుతుంది.

అందుకని కీ లాక్‌ను ఎప్పుడూ వేసి ఉంచడమూ, ఎప్పుడూ తీసి ఉంచడమూ రెండూ బద్ధకమే. గొంతు, రాగం ఉన్న పాటకు మూడు శాతం మార్పు కావాలంటే లాక్ తప్పనిసరి. ఒక శాతం లోపు మార్పైతే లాక్ తీసేస్తే దెబ్బ పదునుగా ఉంటుంది. వట్టి దరువులే ఉన్న ట్రాకుకు లాక్ దండగ. ఇంకో సంగతి: పాట మోగుతుండగా ఫేడర్ సున్నా దగ్గర లేనప్పుడు లాక్ నొక్కకూడదు. ఆ క్షణంలోనే శ్రుతి ఎగిరి దూకుతుంది, హాలంతా వింటుంది. హెడ్‌ఫోన్లో ముందుగా విని క్యూ చేసేటప్పుడే తేల్చుకోవాలి.

కీ షిఫ్ట్, కీ సింక్ బటన్లు ఇదే పనిని తిరగేసి చేస్తాయి: వేగం అలాగే ఉంచి శ్రుతిని మెట్ల లెక్కన జరుపుతాయి. ఒక మెట్టు జరిపితే చాలా పాటలు తట్టుకుంటాయి, రెండు మెట్లకు గొంతు మనిషి మారినట్టుంటుంది. అందరికీ నోటికి వచ్చిన పాటను జరపకపోవడమే మంచిది. ఆ పాట అసలు శ్రుతి జనం చెవుల్లో అచ్చుపడి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ చెప్పే అంకెను ఎంత నమ్మాలి

కీ గుర్తించే ప్రోగ్రాములు చాలావరకు చేసేది ఇది. పాటలోని శక్తిని ఆక్టేవులతో పని లేకుండా పన్నెండు స్వరాల గదుల్లోకి పోస్తాయి. ఏ గదిలో ఎంత నిండిందో చూసి 24 అచ్చులతో, అంటే పన్నెండు మేజర్ కీలు, పన్నెండు మైనర్ కీలతో పోలుస్తాయి. దగ్గరగా ఉన్నదాన్ని ప్రకటిస్తాయి. ఈ అచ్చులకు మూలం 1982లో క్రుమ్‌హాన్సల్, కెస్లర్ శ్రోతలను అడిగి తయారుచేసిన స్వర ప్రాధాన్యాల పట్టికలు. కొత్త ప్రోగ్రాములు న్యూరల్ నెట్‌వర్క్‌లు వాడినా చివరికి ఎంచుకునేది ఆ 24లోంచే.

కాబట్టి తప్పులు కూడా అడ్డదిడ్డంగా రావు, కొన్ని దారుల్లోనే వస్తాయి. పంచమం దూరంలో ఉన్న కీ చెప్పడం, అంటే పక్క అంకె. మేజర్‌కి దాని జంట మైనర్ చెప్పడం, అంటే అదే అంకెలో బీకి బదులు ఏ. అదే షడ్జం మీద మేజర్‌కి మైనర్ చెప్పడం, 8బీకి 5ఏ. కీ గుర్తింపు పోటీ నడిపే మైరెక్స్ ఈ తప్పులకు కూడా వరసగా 0.5, 0.3, 0.2 మార్కులు వేస్తుంది. డీజే కోణంలో మొదటి రెండూ ప్రాణం తీసే తప్పులు కావు. అసలు 8ఏ అయినదాన్ని 9ఏ అని చూపిస్తే, దాన్ని నమ్మి 10ఏతో కలిపినప్పుడే రెండంకెల దూరం బయటపడుతుంది. మూడో తప్పు మాత్రం మొదటి బార్‌లోనే పట్టిచ్చేస్తుంది.

మన పాటల దగ్గరికి వచ్చేసరికి ఇంకో చిక్కు. ఆ 24 అచ్చుల్లో రాగాలు లేవు. ఒకటో శ్రుతిలో హిందోళం తీసుకోండి: సి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఏ ఫ్లాట్, బి ఫ్లాట్. పంచమం లేదు, అంటే జి గది ఖాళీ. సి మైనర్ అచ్చు జి నిండుగా ఉండాలని ఎదురుచూస్తుంది, అది లేకపోయేసరికి ప్రోగ్రాము 5ఏని వదిలి 4బీ, 4ఏల వైపు మొగ్గుతుంది. ఏ ఫ్లాట్ మీద మోహనం పాడితే ఇవే అయిదు స్వరాలు కదా! చెవికి మాత్రం సి మీద నిలిచిన మైనర్ పోకడే వినిపిస్తుంది. ఇక్కడ తప్పెవరిదని తర్కం అనవసరం. ఈ అయిదు స్వరాలు 3, 4, 5 అంకెల స్కేళ్లన్నిటిలోనూ ఉన్నాయి. ఆ మూడింట్లో దేని మీద నడిపినా రాగం గొడవపడదు. బేస్ నిలకడ కోసం సి ఆధారంగా ఉన్న 5ఏనో, సి పంచమంగా అమరే 4ఏనో ఎంచుకుంటే మేలు.

అయిదు స్వరాల రాగాలు డీజేకి దొరికిన వరాలు. ఒకటో శ్రుతి మోహనంలో ఎఫ్ లేదు, బి లేదు. చక్రంలో పక్కపక్క అంకెల మధ్య మారేవి సరిగ్గా ఆ స్థానాలే. అందుకే అది 7బీ, 8బీ, 9బీ మూడింటి మీదా ఇమిడిపోతుంది. మాయామాళవగౌళ దీనికి పూర్తిగా ఎదురు. సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఏ ఫ్లాట్, బి ఉన్న స్కేలు 24లో ఎక్కడా లేదు. ప్రోగ్రాము ఏదో ఒక అంకె చూపిస్తుంది, చూపించక తప్పదు దానికి. ఆ అంకెను పక్కన పెట్టి, అలాంటి పాటను వట్టి దరువు మీదే ఎత్తుకోవాలి, దరువు మీదే దించాలి.

తంబూరా యాప్ ఉంటే అంకెను సరిచూసుకోవడం రెండు నిమిషాల పని. పిచ్ ఫేడర్ సున్నాలో పెట్టి పాట నడపాలి. పల్లవి చివర రాగం ఎక్కడ విశ్రాంతి తీసుకుంటుందో అక్కడికి తంబూరా షడ్జాన్ని జరుపుకుంటూ రావాలి. కూర్చున్న చోటే శ్రుతి. ఇప్పుడు గాంధారం చూడాలి: షడ్జం నుంచి నాలుగో మెట్టు అతికితే అంతర గాంధారం, బీ వలయం. మూడో మెట్టు అతికితే సాధారణ గాంధారం, ఏ వలయం. ఏ మెట్టు మీదా పూర్తిగా కూర్చోక కొంచెం ఎగుడుగా ఉంటే యాప్‌లో సన్నగా సరిచేసే గుబ్బ తిప్పి ఎన్ని సెంట్లో చూసుకోవాలి. టేపు కాలం నాటి పాటల్లో ఇది మామూలే. రికార్డింగ్ నుంచి డిజిటల్ కాపీ దాకా ఏదో ఒక యంత్రం వేగం కాస్త తేడాగా ఉంటే చాలు, పాట 440 హెర్ట్జ్ ప్రమాణానికి అటో ఇటో జరుగుతుంది. 30 సెంట్లు ఎక్కువ ఉందనుకుంటే, ఆడియో ఎడిటర్లో శ్రుతి, వేగం రెండూ కలిసి 1.7 శాతం తగ్గేలా మార్చి వేరే ఫైలుగా దాచుకుంటే ఆ బెడద శాశ్వతంగా పోతుంది. ఆ మాత్రం నెమ్మది ఎవరికీ తెలియదు.

బీపీఎం కూడా అబద్ధమాడుతుంది

సగం, రెట్టింపు తప్పులు అందరికీ తెలిసినవే: 70ని 140 అని, 174ని 87 అని చూపిస్తుంది. బటన్ నొక్కితే సరి. తెలుగు డీజేలను ఎక్కువగా ఏడిపించేది ఒకటిన్నర రెట్ల తప్పు. బోనాలు, నిమజ్జనం, బరాత్‌లలో తీన్‌మార్ దరువు లేకుండా పని నడవదు. పేరులోనే ఉంది, మూడేసి దెబ్బల నడక, అంటే తిశ్రం. అడుగు నిమిషానికి 100 పడుతుంటే ఒక్కో అడుగులో మూడు చిన్న దెబ్బలు, మొత్తం 300. ప్రోగ్రాములు ఎక్కువగా చతురశ్ర (నాలుగేసి ముక్కల) నడకకు అలవాటుపడ్డవి, చిన్న దెబ్బలను రెండేసి చొప్పున కట్టి 150 అని తేలుస్తాయి. ఆ 150ని నమ్మి 150 బీపీఎం పాటతో సింక్ చేస్తే గ్రిడ్లు కలుస్తాయి, కాళ్లు కలవవు.

సరిచేయడానికి అడుగు పడే చోట చేత్తో ట్యాప్ చేసి 100 అని రాయాలి. ఆ తర్వాత చతురశ్రంలో ఉన్న పాటకు మారాలంటే అది కూడా 100 దగ్గర ఉన్నదే కావాలి. అడుగు మారదు, అడుగు లోపలి ముక్కలు మూడు నుంచి నాలుగవుతాయి. రెండు దరువులనూ కలిపి ఎక్కువసేపు నడిపితే మూడు-నాలుగు ఒరుసుకుని గజిబిజి అవుతుంది. నాలుగు బార్లు చాలు, లేదా వట్టి కిక్ మాత్రమే ఉన్న లూప్ మీదుగా దాటాలి.

చేత్తో వాయించిన పాత పాటల్లో బీపీఎం ఒకటే అంకె కాదు. పల్లవిలో 112 ఉన్నది చరణానికి 115 అవుతుంది, మళ్లీ తగ్గుతుంది. ఒకే అంకెతో వేసిన గ్రిడ్ వీటికి పనికిరాదు. మారే గ్రిడ్ పెట్టే సౌకర్యం ఉంటే ప్రతి నాలుగు బార్లకూ మొదటి దెబ్బ మీద గుర్తు వేయాలి. లేదంటే మిక్స్ చేయబోయే ఎనిమిది బార్లకు మాత్రం గ్రిడ్ సరిచేసుకుని మిగతాది వదిలేయాలి. కంప్యూటర్‌లో తయారైన పాటకు కూడా గ్రిడ్ చుక్క తేడా ఉండకూడదు. 128 దగ్గర 0.05 బీపీఎం తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ నిమిషానికి 23 మిల్లీసెకన్లు జరుగుతుంది. 32 బార్ల మిక్స్ సరిగ్గా ఒక నిమిషం. చివరికి వచ్చేసరికి రెండు కిక్‌లు ఒక్కటిగా కాక "దడక్" మని పడతాయి.

ఒక మిక్స్ దగ్గరగా

పోతున్న పాట 124 బీపీఎం, 8ఏ. కార్డులు (కలిసి మోగే స్వరాల గుంపులు) ఏ మైనర్, ఎఫ్, సి, జి, బార్‌కి ఒకటి చొప్పున తిరుగుతుంటాయి. సినిమా పాటల్లో, హౌస్ ట్రాకుల్లో వందల సార్లు విన్న వరసే. వస్తున్న పాట 128, 9ఏ. అందులో ఇ మైనర్, సి, జి, డి. మొదట కీ లాక్ వేసి రెండోదాన్ని 3.1 శాతం తగ్గించాలి. చక్రం లెక్కన పక్క అంకె, సురక్షితం. స్వరాల్లో తేడా ఒక్కటే: మొదటిదానిలో ఎఫ్, రెండోదానిలో ఎఫ్ షార్ప్.

ఆ ఒక్క తేడా ఎక్కడ పడుతుందన్నది అంకె చెప్పదు. రెండు పాటల కార్డుల చుట్లూ ఒకే బార్ మీద మొదలైతే ఏ మైనర్ మీద ఇ మైనర్, ఎఫ్ మీద సి, సి మీద జి, జి మీద డి పడతాయి. ప్రతిచోటా పైన పంచమం కూర్చుని కార్డు ఇంకా నిండుగా వినిపిస్తుంది. ఎఫ్ షార్ప్ వచ్చేది డి కార్డులో. అప్పుడు కింద జి మోగుతోంది, ఎఫ్ ఎక్కడా లేదు. ఇప్పుడు అదే రెండో పాటను రెండు బార్లు ఆలస్యంగా వదలండి. సి మీద ఇ మైనర్, జి మీద సి, ఏ మైనర్ మీద జి బాగానే నడుస్తాయి, నాలుగో బార్‌లో మాత్రం ఎఫ్ మీద డి పడుతుంది. ఎఫ్, ఎఫ్ షార్ప్ ఒకేసారి. ఒక్క బార్ ఆలస్యమైతే ఇంకా ఘోరం: ఎఫ్ బేస్ మీద ఇ బేస్, మెట్టు తేడాతో సబ్‌లో కొట్టుకుంటాయి. పాటలు అవే, అంకెలు అవే, వేగం అదే. బార్లు జరిగాయి, అంతే. "పక్క అంకెకే వెళ్లినా బాలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి సమాధానం ఇక్కడే ఉంటుంది.

కాబట్టి రెండు పాటల్లోనూ కార్డుల చుట్టు మొదలయ్యే బార్ మీద హాట్ క్యూ (ఒక్క నొక్కుతో ఆ చోటికి చేర్చే గుర్తు) వేసి పెట్టుకోవాలి. వేవ్‌ఫామ్‌లో పెద్దగా కనిపించే డ్రాప్ (దరువు, బేస్ ఒక్కసారిగా వచ్చి పడే చోటు) మీద కాదు, చుట్టు మొదటి బార్ మీద. పోతున్న పాట 32 బార్ల భాగం మొదలైనప్పుడు రెండోదాన్ని బేస్ పూర్తిగా కోసి లేపాలి. 124 దగ్గర 16 బార్లు అంటే 31 సెకన్లు. మొదటి ఎనిమిది బార్లలో వాల్యూమ్ ఫేడర్ మెల్లగా ఎక్కాలి, గొంతు రాకూడదు. 17వ బార్ మొదటి దెబ్బ మీద బేస్ మార్పిడి: ఒక చేత్తో పాతదాన్ని కోసి, రెండో చేత్తో కొత్తదాన్ని తెరవాలి, అంతా ఒక దెబ్బలో. రెండు బేస్‌లు కలిసి ఉండే సమయం ఎంత తక్కువైతే అంత మంచిది, కీ కలిసినా సరే. 25 నుంచి పాత పాట మధ్య శబ్దాలు తగ్గిస్తూ 32కి మూసేయాలి.

చుట్లు ఎలా జరిపినా ఎఫ్ అడ్డం వస్తుంటే పోతున్న పాటలో ఏ మైనర్ ఉన్న ఒక్క బార్‌ను లూప్ చేయాలి. ఎఫ్ పోయింది కాబట్టి తగాదా కూడా పోయింది. అయితే ఎనిమిది బార్లకు మించి ఆ లూప్ తిరిగితే పాట ఆగిపోయిందని జనం గమనిస్తారు. స్టెమ్స్ (గొంతు, దరువు, బేస్ లాంటి పొరలు) విడదీసే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకా సులువు. పాత పాటలో దరువు మాత్రం ఉంచి మిగతావి ఆపేస్తే కీతో అసలు పనే లేదు, 8ఏ దరువు మీద ఏ అంకె పాటైనా ఎత్తుకోవచ్చు. గొంతును విడదీసి వేరే పాట మీద వేసేటప్పుడు మాత్రం కీ లెక్క రెట్టింపు గట్టిగా పాటించాలి. గొంతు కింద దాని సొంత కార్డులు లేనప్పుడు అర మెట్టు తేడా కూడా అపస్వరంలాగే వినిపిస్తుంది, నింద పాడినవాళ్ల మీదికి పోతుంది.